ఏరుకొచ్చిన కార్డులు

మందు డబ్బాలో మడతపెట్టి ఉండే సన్నటి కాగితాన్ని ఎవరూ చదవరు. ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జిన్నారం అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో, పద్దెనిమిదేళ్లుగా ఆ కాగితాలతోనే నా పని. మడత సరిగ్గా పడిందా, అక్షరం చెదిరిందా, డబ్బాకొకటి పడిందా అని చూస్తాను. అంత జాగ్రత్తగా పెట్టిన కాగితాన్ని మా ఇంట్లోనే, మా ఆయన మాత్ర వేసుకుని డబ్బాతో సహా బయట పారేస్తాడు. ఇంత తెలిసి కూడా నేను పుస్తకం వేశాను.

పన్నెండు కథలు. కంపెనీ బస్సులో విన్నవి, క్యాంటీన్‌లో విన్నవి, కొన్ని కళ్లారా చూసినవి. నేను పెద్దగా చదువుకోలేదు. డిగ్రీ రెండో ఏడు దగ్గర ఆగిపోయింది. మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు క్రిస్మస్ నాటికలు రాసిపెట్టేదాన్ని. పాస్టరమ్మ "నీ రాత బాగుంటది" అనేది. ఆమె అన్నది అక్షరాల గురించో, మాటల గురించో నేనెప్పుడూ అడగలేదు. నాకు నచ్చిన అర్థమే తీసుకున్నాను.

పుస్తకాలు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చాయి. పటాన్‌చెరులో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. మంచం కింద తప్ప వాటికి చోటు లేదు. మా ఆయన లేత్ మిషన్ మీద పని చేస్తాడు. పుస్తకాలు చదివే అలవాటు లేదు. అయినా ఆ పెట్టెల కింద ఇటుకలు పేర్చి, వాన నీళ్లు లోపలికొచ్చినా తడవకుండా ఎత్తు చేశాడు. చుట్టాలకూ చర్చి వాళ్లకూ ఊరికే ఇచ్చినవి పోగా పెట్టెలు కదల్లేదు. హైదరాబాద్‌లో ఒక పుస్తకాల షాపుకు పట్టుకెళ్తే కౌంటర్ దగ్గరున్నాయన నాలుగు ఉంచుకున్నాడు. మూడు నెలల తర్వాత వెళ్తే ఆ నాలుగూ అక్కడే ఉన్నాయి. తీసి, తుడిచి, నా సంచిలో పెట్టి ఇచ్చాడు. తుడిచి ఇచ్చినందుకు థ్యాంక్స్ చెప్పి వచ్చాను.

కార్డుల ఆలోచన ప్రెస్ ఆయనది. పుస్తకం అచ్చువేసింది ఆయనే. పటాన్‌చెరులో మార్కెట్ వెనక సందులో ఆయన ప్రెస్. పెళ్లి పత్రికలు, షాపుల ఓపెనింగ్ కరపత్రాలు, దశదినకర్మ కార్డులు వేస్తాడు. ఒకరోజు డ్యూటీ దిగి అటు వెళ్తే, నా మొహం చూసి తనే అన్నాడు.

"మేడం, పుస్తకం చూపెడితే జనం చెయ్యి వెనక్కి పోతది. కార్డు చూపెడితే చెయ్యి దానంతటదే ముందుకొస్తది. నా దగ్గర పెండ్లి కార్డుల అట్ట అంచులు మస్తు మిగులుతయి. కట్ చేసి వేసిస్త. పంచుకోండ్రి."

అలా మొదటి కార్డు వచ్చింది. గంధం రంగు మందపాటి అట్ట, ఒక అంచున బంగారు గీత. పుస్తకం పేరు, నా పేరు, ఫోన్ నంబరు. కంపెనీ బస్సులో సీటు సీటుకూ పంచాను. చేతులు ముందుకు రావడం నిజమే. మా సెక్షన్‌లో పెద్దావిడ కార్డు అటూ ఇటూ తిప్పి, "ఎవరి పెండ్లే?" అని అడిగింది. ఇంకొకామె, "పెండ్లి కాదు, చీరల దుకాణం పెట్టినట్టున్నది" అంది. పుస్తకం అని చెప్పాను. "ఓ, పుస్తకమా" అని ఇద్దరూ కార్డు జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నారు. ఆ జాగ్రత్త చూసి నేను వారం రోజులు ఫోన్ పక్కనే పెట్టుకుని తిరిగాను.

రెండో కార్డు నా ఆలోచన. జనం కార్డును దాచుకోవాలంటే దానితో ఏదైనా పని ఉండాలి. ఒకవైపు షిఫ్టుల పట్టిక వేయించాను. ఏ వారం ఫస్ట్ షిఫ్టు, ఏ వారం సెకండ్ షిఫ్టు, ఏ వారం నైట్. రెండో వైపు ఒక కథలోంచి నాలుగు వాక్యాలు. ఈ కార్డు నిజంగానే అందరికీ నచ్చింది. అడిగి తీసుకున్నారు. లాకర్ తలుపులకు అంటించారు. అంటిస్తే కథ వైపు గోడకో రేకుకో అతుక్కుపోతుందని నేను ముందు ఆలోచించలేదు. ఒడిశా నుంచి వచ్చి లోడింగ్‌లో పనిచేసే ఒకాయన, వెనకవైపు ఏముందని హిందీలో అడిగాడు. కహానీ అన్నాను. "అచ్ఛా, కహానీ" అని ఎంతో మర్యాదగా తల ఊపి, తిప్పి మళ్లీ షిఫ్టులు చూసుకున్నాడు.

ఇక మూడో కార్డు. నేను చెప్పాలనుకున్నది దీని గురించే.

సగం కథ వేయాలి, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపాలి అన్నాడు ప్రెస్ ఆయన. ఏ కథ అని నాకు అనుమానమే లేదు. పన్నెండింటిలో అదే మంచి కథ అని గట్టి నమ్మకం.

ఆ కథ నేను చూసినదాన్నుంచి పుట్టింది. పదేళ్ల కింద ఒకరోజు సెకండ్ షిఫ్టుకు బస్సు దిగి గేటు దగ్గరికి వస్తున్నాను. గేటు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చేతిలో స్టీలు టిఫిన్. కొక్కెం విరిగిందేమో, ఎర్ర చీర పేలికతో మూత కట్టి ఉంది. వాచ్‌మన్‌ను ఏదో అడుగుతోంది. అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆమె వైపు చూడకుండా నిలబడ్డాడు. పంచింగ్‌కు టైమవుతోందని నేను పక్కనుంచి లోపలికి వెళ్లిపోయాను. లోపలికి వెళ్లాక తెలిసింది, ట్యాంకు కడగడానికి దిగిన మనిషి పైకి రాలేదని. ఆ మనిషి ఆమె భర్తేనని సాయంత్రం క్యాంటీన్‌లో తెలిసింది. పాపం పొద్దున టిఫిన్ మర్చిపోయి వచ్చాడట, అందుకే భార్య తెచ్చిందట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు. నేను అదే రాశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, కంపెనీని రంగుల కంపెనీ చేశాను. పేలిక రంగు మార్చాలని మాత్రం నాకు తట్టలేదు.

కార్డు మీద ఏడు వాక్యాలు పట్టాయి. ఆ రోజు అతను టిఫిన్ మర్చిపోయాడు. మధ్యాహ్నం అతని భార్య ఎర్ర పేలిక కట్టిన టిఫిన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. కూర చల్లారిపోతుందేమోనని ఆమె మూత మీద చెయ్యి పెట్టి చూసుకుంది. లోపల ట్యాంకు వైపు మనుషులు పరుగెడుతున్నారు. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

"గిక్కడ ఆపుండ్రి మేడం" అన్నాడు ప్రెస్ ఆయన. "గీడ ఆపితే చదివేటోడు ఇడవలేడు." కింద, నా ఫోన్ నంబరు పైన, పెద్ద అక్షరాలతో తనే ఒక వాక్యం చేర్చాడు. తర్వాత ఏమైంది? పుస్తకంలో చదవండి. నాకు చాలా నచ్చింది.

ఈ కార్డు చాలా చోట్ల పెట్టాను. టిఫిన్ సెంటర్ కౌంటర్ మీద, చర్చిలో పాటల పుస్తకాల పక్కన, ప్రెస్ ఆయన పెళ్లి పత్రికల కట్టల్లో. మా ఆడపడుచు ఇంద్రేశంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. ఆమె ఒక కట్ట తీసుకెళ్లింది. "పిల్లలకు ఇస్తే ఇంటికి కొంచవోతరు వదినా. ఇంట్ల అమ్మనాయిన చూస్తరు" అంది. సోమవారం ప్రేయర్‌లో ఒక పిల్లతో చదివిస్తానని కూడా చెప్పింది. నా వాక్యాలు మైకులో వినపడతాయని నేను ఆ సోమవారం డ్యూటీలో గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఆ పూట ఎవరూ చదవలేదనీ, చదవాల్సిన పిల్ల బడికి రాలేదనీ తర్వాత ఆడపడుచు చెప్పింది.

ఆ వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నాను. ఫోన్ మోగింది.

"గా కార్డు మీది నంబరేనా ఇది?" ఆడగొంతు.

"అవునమ్మా."

"రాసింది మీరేనా?"

"నేనే."

"ఒకసారి కలవాలె. పుస్తకం గూడ తెండ్రి."

ఇంద్రేశం బడిలో ఆయాగా చేస్తున్నాననీ, ఆదివారం మధ్యాహ్నం గదులు కడగడానికి ఒక్కదాన్నే ఉంటాననీ చెప్పింది. ఫోన్ పెట్టేసి మా ఆయనతో, కార్డు చూసి ఒకరు చేశారు అన్నాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నవ్వాడు. నేను మంచం కింద నుంచి కొత్త పుస్తకం తీసి, మొదటి పేజీలో "ప్రేమతో" అని రాసి, పేరుకు చోటు వదిలి, కింద సంతకం పెట్టాను. పేరు అడిగి అక్కడ రాయాలని.

ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆమెతో ఏం మాట్లాడాలో తయారు చేసుకున్నాను. ఇంద్రేశంలో ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్ల రాళ్లు, సగం లేచిన ఇళ్లు. బడి వాటి మధ్యలో ఉంది. గేటు తీసే ఉంది. ఎనిమిదో తరగతి గదిలో నేల ఇంకా తడిగా ఉంది. ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. ఆమె మొహం నేను గుర్తుపట్టలేదు. కిటికీ చువ్వకు వేలాడుతున్న సంచిలోంచి టిఫిన్ పైభాగం కనిపించింది. ఎర్ర పేలిక వెలిసిపోయి గులాబీ రంగయింది. దాన్ని గుర్తుపట్టాను.

"కూసోండ్రి అక్కా" అంది.

చిన్నపిల్లల బెంచీ. మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాను. ఆమె కొంగు ముడి విప్పి కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

"జెర సదువుండ్రి. నాకు అంత జల్దీ సదవరాదు. నా బిడ్డ సదివింది గని, మీ నోటితోని ఇనాల్నని ఉన్నది."

నేను చదివాను. చర్చిలో వాక్యం చదివి చదివి నాకు కొంచెం సాగదీసి చదివే అలవాటుంది. ఆ ఏడు వాక్యాలు ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. "ఆమెకు ఇంకా ఏమీ తెలియదు" అన్న చోట కార్డు దించాను. ఆమె కార్డు కింది అంచున వేలు పెట్టింది.

"కింద గూడ ఉన్నది గద."

"తర్వాత ఏమైంది? పుస్తకంలో చదవండి" అని చదివాను.

"నా బిడ్డ గదే అడిగింది నన్ను" అంది ఆమె. "తర్వాత ఏమైందమ్మా అని."

ఆమె గొంతు పెంచకుండా, గదులు ఎట్లా కడిగిందో చెప్తున్నట్టుగా చెప్పింది.

"మా ఆయన టిఫిన్ మర్చిపోలేదక్కా. మర్చిపోయే మనిషి కాదు. పొద్దుగాల ఇద్దరం కొట్లాడుకున్నం. కోపానికి నేనే కట్టియ్యలె. ఆయన పోయినంక నా మనసు నిలవలె. వండుకొని, బిడ్డను పక్కింట్ల ఇడిసిపెట్టి, నడుసుకుంట వచ్చిన. మర్చిపోయిండని మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరో అనుకుంటుంటే విన్న."

"నన్నైతే అడగకపోతిరి."

"నువ్వెక్కడున్నవో తెల్వదు" అన్నాను. వెతికితే తెలిసేది. అది ఇద్దరికీ తెలుసు.

"మీరు గప్పుడు గాడనే పని చేస్తుంటిరా?"

"చేస్తుంటి. ఆ రోజు గేటు కాడ నిన్ను చూసిన."

"సూసి?"

"పంచింగ్‌కు టైమైతున్నదని లోపలికి పోయిన."

ఆమె కోప్పడితే బాగుండేది. తల ఊపింది. "శానమంది గట్లనే పోయిండ్రు" అంది.

బిడ్డకు అప్పుడు మూడేళ్లు. నాయిన నిద్రలో గుండె నొప్పొచ్చి పోయిండని దానికి చెప్పిందట. ట్యాంకు సంగతి చెప్తే ఆ దారిన పోయినప్పుడల్లా కంపెనీ గోడ వైపు చూస్తుందని. అసలు ఆ గోడే కనపడొద్దని ఊరు వదిలి ఇంద్రేశం వచ్చింది. పదేళ్లు దాచింది. బంధువులను కూడా చెప్పనివ్వలేదు.

"సోమారం ప్రేయర్ల సదవాలె అని టీచరు కార్డిచ్చిందట. గోడ కాడ నిలవడి గట్టిగ సదువుతున్నది. నేను అన్నం పెడుతున్న. ఒకసారి సదివింది, రెండుసార్లు సదివింది. నాకు చేతులాడలె. మూడోపారి ఎర్ర పేలిక అన్న కాడ ఆగింది. ఆగి టిఫిన్ దిక్కు సూసింది. రోజూ బడికి కొంచవోయే టిఫినే గద. ఇగ నా దిక్కు సూసింది."

"అప్పుడు చెప్పినవా?"

"చెప్పకుంటే ఏం చేయాలె. తర్వాత ఏమైందమ్మా, తర్వాత ఏమైందమ్మా అని చెయ్యి పట్టుకొని గుంజింది. చెప్పిన. కొట్లాట సంగతి గూడ చెప్పిన. అబద్ధం చెప్పినవు అన్నది. నాయిన ఉపాసం పోయిండా అన్నది." ఆమె ఇక్కడ ఆగి చెంగుతో మూతి తుడుచుకుంది. "గా దినం సంది నాతోని మాట్లాడతలేదు. బడికి వస్తలేదు. పెడితే తింటలేదు. తనే వండుకొని తింటది."

ఏం చేయమంటావు అని అడిగాను. క్షమించమని కూడా అన్నాననుకుంటాను. అన్నానో లేదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

"గా కార్డులు తెప్పియ్యుండ్రి. ఎన్నున్నయో అన్నీ. ఈ బడిల పిల్లల కాడ ఉన్నయి. రేపు అది బడికొస్తే ఎవలన్న సదివితే?"

"పుస్తకంలో కూడా ఆ కథ తీసేస్త" అన్నాను.

"పుస్తకం ఎవలు కొంటరక్కా" అంది ఆమె. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. "కార్డే అందరి కాడ ఉన్నది." తర్వాత అడిగింది, "తెచ్చిండ్రా, పుస్తకం?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"ప్రే...మతో. ఎవరికి?"

"నీ పేరు అడిగి రాద్దామని చోటు ఇడిసిన."

ఆమె పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

"రాయకుండ్రి. నా పేరు ఏడ గూడ రాయకుండ్రి."

లేచి బకెట్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లింది. కాసేపటికి నీళ్లు కుమ్మరించిన చప్పుడు వినిపించింది. నేను తడి నేల మీద అడుగులు పడకుండా గోడ పక్కగా నడిచి బయటికొచ్చాను.

మరుసటి రోజు సెలవు పెట్టి కార్డులు వెతకడం మొదలుపెట్టాను. పంచడానికి నెల పట్టింది. ఏరడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

బడిలో మా ఆడపడుచు మొదట నమ్మలేదు. నమ్మాక స్టాఫ్ రూంలో కూర్చుని ఏడ్చింది. "ఆ పిల్ల మంచిగ చదువుతదని దానికిచ్చిన వదినా. మంచి గొంతు దానిది" అంది. తరగతి తరగతికీ తిరిగి కార్డులు అడిగి తీసుకున్నాం. పిల్లలు వాటిని రకరకాలుగా మార్చేశారు. కత్తిరించి బస్సు టికెట్లు చేసుకున్నారు. స్కేలు లేనివాళ్లు గీతలు గీయడానికి వాడుకున్నారు. చాలామంది ఇంటికి తీసుకెళ్లామన్నారు కానీ ఇంట్లో ఎక్కడుందో తెలియదన్నారు. ఒక్క పిల్లాడు కూడా కథ గురించి అడగలేదు.

టిఫిన్ సెంటర్‌లో కౌంటర్ మీద ఒక్కటీ లేదు. అన్నీ అయిపోయాయేమో అనుకున్నాను. ఆయన వంగి, ఊగే బల్ల కాలు కింద నుంచి ఆరు కార్డులు తీసిచ్చాడు. బల్ల మీది సాంబారు గిన్నెలు ఒకవైపు జరిగాయి. "అట్ట మంచిగున్నది మేడం, నలగలె. ఇంకేమన్న ఉంటే తెండ్రి" అన్నాడు. వాటికి బదులుగా నా సంచిలో ఉన్న మొదటి కార్డులు, కథ లేనివి, ఇచ్చి వచ్చాను.

చర్చిలో కార్డులు బైబిళ్లలోకి వెళ్లిపోయాయి. గుర్తుగా పెట్టుకున్నారు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ అడిగాను. ఎందుకని ఎక్కువమంది అడగలేదు. తప్పు పడిందమ్మా, మళ్లీ వేయిస్తున్నా అని చెప్పాను. ఒక ముసలాయన మాత్రం ఇవ్వనన్నాడు.

"కీర్తనల కాడ పెట్టుకున్న. తీస్తే పేజీ పోతది నాకు."

"వేరేది ఇస్త తాతా."

"వేరేది పల్చగుంటది. ఇది మంచిగున్నది."

"చదివినవా తాతా దాన్ని?"

"దేన్ని?" అన్నాడు ఆయన. అప్పుడు కార్డును మొదటిసారి చూశాడు. కళ్లజోడు లేదు. మళ్లీ కీర్తనల్లో పెట్టి మూసేశాడు. ఆ ఒక్కటీ నేను వదిలేశాను.

పెళ్లి పత్రికల కట్టల్లో పోయినవి ఏ ఊళ్లకు వెళ్లాయో ప్రెస్ ఆయనకూ తెలియదు. బొంతపల్లి వైపు రెండు పెళ్లిళ్లు, ఇంకా ఎటో ఒకటి. ఆయనకు జరిగినదంతా చెప్పాను. విని మెల్లగా, "కార్డు అయితే పని చేసింది మేడం. మనం అనుకున్నట్టే ఆగలేకపోయింది ఆ పిల్ల" అన్నాడు. నన్ను నొప్పించాలని కాదు. ఆయన తన పనితనం గురించి నిజం చెప్పాడు. నేనే అప్పుడు ఆ వాక్యాన్ని మెచ్చుకున్నదాన్ని. ఇప్పుడు ఆయన్ను ఏమని అనను?

ఒక ఆదివారం మా ఆయనా నేనూ కూర్చుని పుస్తకాల్లోంచి ఆ కథను బ్లేడుతో కోసేశాం. ఒక్కో పుస్తకంలో ఐదు ఆకులు. అంచు వదిలి కోయాలని ఆయన నేర్పాడు, లేకపోతే బైండింగ్ వదులై పక్క పేజీలు ఊడిపోతాయి. అయినా కొన్ని ఊడిపోయాయి. విషయసూచికలో ఆ కథ పేరు మీద నల్ల స్కెచ్‌తో గీత కొట్టాను. నూరు పుస్తకాలు అయ్యేసరికి ఆయన నడుం పట్టేసింది. గోడకు ఒరిగి, కోసిన ఆకుల్లోంచి ఒకటి తీసి చదవడం మొదలుపెట్టాడు. ఐదు ఆకులూ చదివాడు. నేను రాసింది ఆయన చదవడం అదే మొదటిసారి.

"ఆమె చెప్పినట్టు కొట్లాట రాసి ఉంటే ఇంకా మంచిగుంటుండె" అన్నాడు.

నిజమే. ఆ మాట విన్న క్షణంలోనే నా మనసులో ఆ కథ మళ్లీ మొదలైంది. పొద్దున్నే గొడవ, ఖాళీ చేతులతో వెళ్లిపోయిన మనిషి, పొయ్యి ముందు కూర్చున్న భార్య. మొదటి వాక్యం కూడా వచ్చేసింది. నాకు నా మీదే భయమేసింది. బ్లేడు పక్కన పెట్టి బయటికొచ్చి నిలబడ్డాను.

ఏరిన కార్డులను ఏం చేయాలో తెలియలేదు. పాత కాగితాల వాడికి వేస్తే మిర్చిబజ్జీల బండికి చేరతాయి. బకెట్ నీళ్లలో నానబెట్టాను. పెళ్లి కార్డు అట్ట అంత త్వరగా నానదు. రెండు రోజుల తర్వాత కూడా అక్షరాలు అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి వేళ్లతో చింపి ముద్ద చేశాను. బంగారు గీతలు గోళ్ల సందుల్లో చాలా రోజులు ఉండిపోయాయి.

దొరికినన్ని దొరికాయి, మిగతావి నా చేతిలో లేవు అని ఆమెకు చెప్పాలి. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. నాలుగైదు రోజులు అదే. ఆడపడుచును అడిగితే, ఆమె పని మానేసిందనీ, పిల్ల టీసీ తీసుకెళ్లారనీ చెప్పింది. ఏ బడికి అని టీసీలో రాయలేదు.

ఇంద్రేశంలో ఆమె ఉన్న గది కనుక్కుని వెళ్లాను. కొత్త లేఅవుట్ చివర, కింద ఇంటివాళ్లు, పైన రేకుల గదులు. ఇంటావిడ మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఖాళీ చేసిండ్రమ్మా. ఏడికి వోయిండ్రో చెప్పలె."

"పిల్ల తల్లితోని మాట్లాడుతుండెనా?"

ఇంటావిడ చేట పక్కన పెట్టి నన్ను పరీక్షగా చూసింది. "మీరేమైతరు ఆమెకు?"

ఏమీ కాను అని చెప్పాను.

"సామాన్ల ఆటోల ఎక్కినప్పుడు గూడ గా పిల్ల ముందు డ్రైవర్ పక్కన కూసున్నది. తల్లి వెనక సామాన్ల మధ్యల కూసున్నది" అంది ఆమె. "గంతే చూసిన నేను."

పైకి వెళ్లి చూడొచ్చా అని అడిగితే చూడమంది. గది కడిగి, శుభ్రంగా ఉంది. గోడకు మేకులు తప్ప ఏమీ లేవు. పిల్ల ఏ గోడ దగ్గర నిలబడి చదివిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకుని ఏం చేస్తానని, వెంటనే దిగి వచ్చేశాను.

"గది కావాల్నా మీకు?" అని అడిగింది ఇంటావిడ. "కిరాయి తక్కువనే."

వద్దన్నాను. ఎండ బాగా ఉంది. మంచినీళ్లు అడిగి తాగి, సెకండ్ షిఫ్టు బస్సు అందుకోవడానికి రోడ్డు వైపు నడిచాను.